కోన్లు దాటిన బండ్లు

ఆ ఉదయం కొత్తపేట రైతుబజార్ దగ్గరి సందులో ఉన్నవి: ఎనిమిది కోన్లు, రెండు బారికేడ్లు, ‘రోడ్డు మూసివేయబడినది’ అన్న బోర్డు, మంచినీటి పైపు కోసం తవ్విన గుంత. ఉన్నవాళ్లు: గుంతలో పైపు బిగిస్తున్న అంజయ్య, పైన మట్టి ఎత్తుతున్న అతని భార్య యాదమ్మ, సైట్ ఇంజనీరుగా నేను.

పది గంటలకే నా గొంతు పోయింది. దిల్‌సుఖ్‌నగర్ వెళ్లే బండ్లన్నీ కోన్లు జరిపి దూరుతున్నాయి. “లోపల మనిషి ఉన్నాడండీ!” అని ఒకాయన్ని ఆపబోయాను.

“ఒక్క బండే కదండీ, పక్క నుంచి వెళ్లిపోతాను.”

అంటూనే ఆయన స్కూటర్ గుంత అంచున జారింది. మట్టిపెళ్లలు విరిగి అంజయ్య హెల్మెట్ మీద పడ్డాయి. నేనూ యాదమ్మా స్కూటర్‌ను వెనక్కి లాగాం. ఆయన “సారీ అండీ” అని, మళ్లీ పక్క నుంచే వెళ్లిపోయాడు.

యాదమ్మ గుంత అంచున వంగి, అంజయ్యకు దెబ్బ తగల్లేదని చూసుకుంది. తర్వాత లేచి, “సారూ, గీ కోన్లకు ఎవడు భయపడుతడు? జర ఆగు” అని బజారుకు పోయింది. నిమ్మకాయలు తెచ్చి, కోసి, కుంకుమ అద్ది, కోన్ల మధ్య వరసగా పెట్టింది.

తర్వాత వచ్చిన కుర్రాడు గట్టిగా బ్రేకు వేశాడు. “ఏందక్కా ఇది?”

“నాకేమెరుక బిడ్డా? పొద్దుగాల ఎవరో పెట్టి పోయిన్రు. తొక్కుతవా ఏంది?”

అతను బండి తిప్పేశాడు. గుంతలోంచి అంజయ్య నవ్వు వినిపించింది.

మనిషి ఉన్నాడంటే ఆగనివాళ్లు నిమ్మకాయకు ఆగారు. దానికి సంతోషించాలో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

సాయంత్రం గుంత పూడ్చేదాకా కోన్లు దాటిన బండ్లు: సున్నా.