కాశప్ప మీది కంబళి

మేరికి కోపం ఎక్కువని ఆ ఆస్పత్రిలో ఊడ్చేవాళ్ల నుంచి డాక్టరు దాకా అందరికీ తెలుసు. పెద్దకడుబూరు దగ్గర పత్తి ఏరే కూలీల బిడ్డ. పదహారో ఏట ఆదోనికి వచ్చి ఆయాగా చేరింది. పదకొండేళ్లుగా రోగుల మలమూత్రాలు ఎత్తుతోంది. ఆమె కోపం దేనికని మాత్రం ఎవరూ అడగలేదు. 1959 ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం అడగకుండానే వార్డంతా విన్నది.

ఎమ్మిగనూరు నేతగాడు కాశప్ప వరిబీజం ఆపరేషనుకు వచ్చాడు. క్లోరోఫారం ఇస్తుండగా బల్ల మీదే గుండె ఆగిపోయింది. డాక్టరు రొమ్ము కోసి, గుండెను చేత్తో పిసికి మళ్లీ కొట్టుకునేట్టు చేశాడు. గుండె కదిలింది గాని మనిషికి తెలివి రాలేదు. ఇలాంటివాళ్ల ఒంటిని రెండు రోజులు చల్లగా ఉంచితే మెదడు దక్కవచ్చునని ఆయన ఏదో కొత్త వైద్య పత్రికలో చదివాడు. నర్సుకు ఇంగ్లీషులో చెప్పి వెళ్లిపోయాడు. నర్సు మేరికి ఒక్క ముక్క చెప్పింది, ఒంటి చుట్టూ పేర్చిన ఐసు తగ్గనియ్యొద్దని.

మేరి కాంపౌండరు వెంటపడి అడిగి అసలు సంగతి తెలుసుకుంది. కానీ ఆయాలు రోగుల బంధువులతో వైద్యం మాటలు మాట్లాడకూడదని అక్కడ కట్టడి. వరండాలో కూర్చున్న కాశప్ప భార్య తాయమ్మకు ఎవరూ ఏమీ చెప్పలేదు. మేరి కూడా చెప్పలేదు.

మరునాడు నర్సు భోజనానికి పోయింది. మేరి బజారు నుంచి ఐసు గోనె నెత్తిన మోసుకుని, మెడ మీదుగా నీళ్లు కారుతుండగా వచ్చింది. మంచం మీది ఐసంతా బకెట్టులో ఉంది. కాశప్పకు గొంతు దాకా నల్ల కంబళి కప్పారు. తాయమ్మ అతని అరికాళ్లకు శొంఠి పొడి రుద్దుతోంది. కాశప్ప తమ్ముడు ఈరప్ప వేయించిన తవుడు మూటలు చంకల్లో పెడుతున్నాడు.

"ఏం పని సేసినారు!" అని అరిచింది మేరి.

"నోరు మూయమ్మా," అన్నాడు ఈరప్ప. "బతికినోన్ని శవం మాదిరి ఐసులో పండబెడ్తారా? మా అన్న వణుకుతాండేది కనపడలా?"

అప్పుడే డాక్టరు వచ్చాడు. జ్వరం చూసే గొట్టం పెట్టి చూసి, మేరి మీద పడ్డాడు. "బుద్ధిలేని మంద! ఆయాకు అప్పజెప్తే ఇంతే."

"ఏం అప్పజెప్పినారయ్యా? గోనె మోయమన్నారు, మోస్తాండా. నిన్నట్నుంచీ ఈయమ్మ గడప కాడ కుచ్చోనుండాది. ఒక్క తెలుగు మాట మీ నోట్లోంచి రాలేదే! మొగుడు సల్లబడితే శొంఠి రుద్దకుండా ఏ ఆడది ఊరుకుంటాది? తెలిసీ సెప్పకుండా నేనూ నోరు మూసుకున్యా, అది నా తప్పు."

"రేపటి నుంచి నువ్వు రావద్దు."

"రేపు గదా. ఈ పొద్దు నా పని సేస్తా."

మేరి కంబళి లాగేసింది. తాయమ్మ చేయి పట్టుకుని భర్త రొమ్ము మీద, కట్టుకు పక్కగా ఆనించింది. "సూడు సెల్లీ. ఆగిన గుండె కొట్టుకుంటాండాది. అది ఆగినప్పుడు మెదడుకు దెబ్బ తగిలింది. ఆ మెదడు సర్దుకునేదాకా ఒళ్లు సల్లగుండాల. వణుకు తగ్గనీకి డాక్టరయ్య సూది ఏస్తాడు. ఏస్తారు గదయ్యా?"

డాక్టరు సూది మందు తీశాడు.

"నిజమే సెప్తాండావా అక్కా?"

"అబద్ధమైతే ఈ ఐసు గడ్డతోనే నా నెత్తి పగలగొట్టు."

తాయమ్మ ఒక్కొక్క గడ్డా భర్త ఒంటి చుట్టూ తానే పెట్టింది. ఈరప్ప ముఖం ముడుచుకుని, "ఐసు కొట్టు యాడుండాది?" అని ఖాళీ గోనె తీసుకున్నాడు.

మూడో రోజుకు ఐసు మెల్లగా తీసేశారు. పని పోయిన మేరి వరండాలో బంధువుల మధ్య కూర్చుని ఉంది. తాయమ్మ లోపలి నుంచి పరుగెత్తుకొచ్చింది. "అక్కా, కండ్లు తెరిసినాడు! నా పేరు పిలిసినాడు! సలి అంటాండాడు, కంబళి కప్పచ్చునా?"

"ఆ డాక్టర్నే అడుగు పో. తెలుగులో సెప్పమను."

తాయమ్మ పోయి అడిగింది. "కప్పు తల్లీ, ఇంక భయం లేదు," అన్నాడు డాక్టరు.

కిటికీ బయట మేరికి ఆ మాట వినబడింది. "ఇట్ల ఒక్క ముక్క మొదటి దినమే సెప్పింటే నోరు అరిగిపోయేదా!" అని కొంగు దులుపుకుని, పెద్దకడుబూరు బస్సుకు పోయింది.