నిండుకున్న నుయ్యి

కరువు ఏడాది చోడవరంలో బస్సెక్కితే, నా పక్కన ఖాళీ బిందె ఒళ్లో పెట్టుకుని ఒక ముసలమ్మ కూర్చుంది. కూతురి ఊళ్లో బోరు ఇంకా పోస్తోందట, నీళ్లకి వెళ్తోంది.

"మీ ఊళ్లో నుయ్యి లేదా అమ్మా?"

"ఉంది బాబూ. నిండుకుంది."

పట్నం బుర్ర నాది. "నిండితే మరి ఈ బిందె ఎందుకూ?" అనేశాను.

ఆమె నవ్వలేదు, నావైపు చూసింది. అప్పుడు గుర్తొచ్చింది. డబ్బాలో బియ్యం అయిపోతే మా అమ్మ కూడా నిండుకున్నాయనే అనేది. అయిపోయాయనడం అశుభం.

"నలబయ్యేళ్లు దాని నీళ్లే తాగేను. ఎండిపోనాదని ఏ నోటితో అంతాను?" అంది, బిందె మీద చెయ్యి వేసి.

మరుసటి ఏడు వానలు పడ్డాయి. ఆ నుయ్యి నిండిందో, ఇంకా నిండుకునే ఉందో.