బౌషర్‌లో ఒక ఎడమ మలుపు

మల్లన్న ఒమాన్ వదిలి ఇక ఊరికి వెళ్లిపోతున్నాడని తెలిశాక, ఎయిర్‌పోర్టుకు బయలుదేరేలోపు ఒక్కసారి ఎదురుపడి మాట్లాడాలనిపించింది. ఈ ప్రయాణానికి అదొక్కటే కారణం. ఆయనదీ నాదీ జగిత్యాల దగ్గర ఒకటే ఊరు. నిజ్వాకు లెక్కల టీచరుగా నేను వచ్చిన కొత్తలో, కాగితాలు చేతికందేదాకా మస్కట్ నగరంలోని బౌషర్‌లో, తన రూమ్‌లో పెట్టుకుని వండిపెట్టిన మనిషి. ముందురోజు ఫోన్ చేస్తే, "మూడింటికి కంపెనీ బండి వస్తది. సైకిల్ మీద మాత్రం రాకు తమ్మీ, ఈడ రోడ్లు మన రోడ్లు కావు. టాక్సీ పట్టు" అన్నాడు. నేను వింటేగా. కొత్తగా కొన్న మడత సైకిల్ ఊరికే పడుందాయె.

గురువారం పదకొండింటికి నిజ్వాలో బస్సెక్కాను. టికెట్ రెండు రియాళ్లకు అటూ ఇటూ ఉంటుంది. సైకిల్ మడిచి సామాన్ల అరలో పెడితే ఎవరూ వేరే డబ్బు అడగలేదు. ఒంటిగంట దాటాక మస్కట్‌లో దిగి, పెద్ద రోడ్డు జోలికి పోకుండా సర్వీస్ రోడ్డు పట్టుకుని బౌషర్ వైపు తొక్కాను. గంట చాలనుకున్నాను. జనవరి కాబట్టి ఎండ బాధ లేదు. ఇక్కడ శుక్రవారం సెలవు కాబట్టి గురువారం మధ్యాహ్నం ఆఫీసులన్నీ ఒక్కసారిగా రోడ్డు మీదికొస్తాయన్న సంగతి మాత్రం నాకెవరూ చెప్పలేదు.

ఇక్కడ బండ్లు కుడివైపు నడుస్తాయి. తెలుసు, కానీ నా మెడకు తెలియదు. రోడ్డెక్కినప్పుడల్లా కుడికే చూస్తుంది, బండ్లేమో ఎడమ నుంచి వస్తాయి. మల్లన్న రూమ్ ఉన్న కంపెనీ క్యాంపుకు ఒక సిగ్నల్ దగ్గర ఎడమకు తిరగాలి. మన దగ్గర ఎడమ మలుపంటే కళ్లు మూసుకుని తిరిగేది. ఇక్కడ దానికోసం మూడు లైన్లు దాటి రోడ్డు నడుమకు చేరాలి. చెయ్యి చాపాను, వెనక్కి చూశాను, మళ్లీ చాపాను. ఒక్క లైనూ మారలేక సిగ్నల్ దాటిపోయాను. ముందున్న రౌండబౌట్‌లో చుట్టు తిరిగి వెనక్కి రావాలనుకుంటే, బయటి లైన్‌లో ఉన్నందుకు బండ్లన్నీ కలిసి నన్ను మొదటి దారిలోకే నెట్టేశాయి. చివరికి ఏదో ఆసుపత్రి పార్కింగ్‌లో తేలాను. ఎటు నుంచి వచ్చానో కూడా అర్థం కాలేదు. ఏడుపొచ్చినంత పనైంది.

పక్కనే చాయ్ కొట్టు. వంద బైసాలకు కరక్ చాయ్ తీసుకుని మల్లన్నకు ఫోన్ చేసి దారి అడుగుతుంటే, తెలుగు విని ఒక డెలివరీ వ్యాను డ్రైవర్ దగ్గరికొచ్చాడు. కడప ఆయన, పేరు ఖాదర్.

"సైకిల్‌తో ఎడమ లైన్‌లోకి ఎట్ల పోతావు సార్? నీకు యాడ దారిస్తారు?" అన్నాడు.

"మరి తిరిగేదెట్లా భాయ్?"

"తిరగొద్దు. నేరుగా పో. సిగ్నల్ దాటినాక కుడి మూలకు దిగు. నడిచేటోళ్లకు లైటు పడినప్పుడు సైకిల్ తోసుకుంటా ఎడమ పక్కకు దాటు. దిగితే నామోషీ ఏముంది?"

తల ఊపాను. నామోషీగానే ఉంది. సమయం చూస్తే మూడుకు దగ్గరపడింది.

ఖాదర్ చూపిన దారిన పోతే మళ్లీ అదే సిగ్నల్. రోడ్డుకు అవతల, ఎడమ వైపున, కంపెనీ బండి పక్కన పెట్టె పట్టుకుని మల్లన్న కనిపించాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఖాదర్ మాట మరిచిపోయి మళ్లీ ఎడమకు చెయ్యి చాపాను. నా పక్క లైన్‌లో ఒక కారాయన పాపం ఆగి, వెళ్లమని చెయ్యి ఊపాడు. ఆ మర్యాదకు పొంగిపోయి సైకిల్ తిప్పాను. మల్లన్న రెండు చేతులూ పైకెత్తి అరుస్తున్నాడు, మాట వినపడలేదు. బ్రేకు నొక్కాను. ఆగిన కారుకు అవతలి లైన్‌లో ఒక పికప్ నా ముందు చక్రానికి జానెడు దూరంలో దూసుకుపోయింది. ఒకరు దారిస్తే అందరూ ఇచ్చినట్టేనని నేనెందుకనుకున్నానో ఇప్పటికీ తెలియదు.

సైకిల్ దిగి, ఫుట్‌పాత్ ఎక్కి, నేరుగా దాటి, కుడి మూలకు చేరి లైటు కోసం నిలబడ్డాను. అది పచ్చగా మారేసరికి కంపెనీ బండి మల్లన్నను ఎక్కమని హారన్ కొడుతోంది. సైకిల్ తోసుకుంటూ రోడ్డు నడుమకు వచ్చేసరికి ఆయన్ని ఎక్కించుకుని అది కదిలింది. వెనకద్దంలోంచి ఆయన నా వైపే చూస్తూ ఫోన్ తీశాడు.

ఫోన్ మోగింది.

"దిగి నడుచుకుంట దాటుడు చూసిన తమ్మీ. చాలు. ఇంతసేపు నీ మీదనే రందాయె నాకు. ఇగ నిమ్మలంగ పోత."

"అన్నా, కలవకపోతిమి కదా."

"కలుసుడుదేముంది, ఊర్ల కలుస్తం. పైలం."

సైకిల్ మడిచి టాక్సీలో పెట్టుకుని బస్సు దగ్గరికి వెళ్తూ ఎన్నోసార్లు ఆలోచించాను. చెయ్యి ఊపిన కారాయన మీద కోపం తెచ్చుకోవాలా, నా మీదనా? కళ్లముందే ఉన్న మనిషిని చేరలేకపోయినందుకు బాధపడాలా, ఆయన నిశ్చింతగా వెళ్లినందుకు సంతోషించాలా? తేలలేదు. మీరు ఇటు సైకిల్ మీద వస్తే ఒక్కటే చెప్తాను. రద్దీలో ఎడమకు తిరగాల్సిన చోట దిగి నడిచి దాటండి, ఆ నడకకు పట్టే సమయం ముందే చేర్చుకుని బయలుదేరండి. నేను చేర్చుకోలేదు. అందుకే ఒమాన్‌లో మల్లన్నను చివరిసారి, కదిలిపోతున్న బండి వెనకద్దంలోంచే చూశాను.