రుక్కి ఇంటి నంబరు

మహబూబాబాద్‌లో రమాదేవి ఇంటి ముందుగదిలో నడిపే కిరాణా దుకాణానికి రుక్కి పేరిట కోర్టు నోటీసు వచ్చింది. కొత్తగూడ అడవి తండాలో పోడు చేసుకుని బతికే రుక్కి, ఉప్పూ పప్పూ కొనడానికి వచ్చినప్పుడు రమాదేవి ఆ కాగితం చూపించి నిలదీసింది.

"నువ్వు మా ఇంట్ల ఎన్నడున్నవు?"

తెలంగాణ కోసం రైలు పట్టాల మీద కూర్చున్ననాడు పోలీసులు అందరితోపాటు రుక్కినీ పట్టుకుపోయి ఇంటి నంబరు చెప్పమన్నారు. తండాలో ఏ గుడిసెకూ నంబరు లేదు. ఇప్పుడొచ్చిన నోటీసు ఆ కేసుదే.

"చెప్తెగాని ఇడువమన్నరమ్మా. చేతుల మీ దుకాణం సంచి ఉంటే, దాని మీదున్నది రాసుకోమన్న. గిప్పుడు నేను యాడ ఉన్నట్టు?"

వాయిదా నాడు రమాదేవి దుకాణం మూసి తోడు వెళ్లింది.

"ఈ ఇంట్లోనే ఉంటున్నావా?" కోర్టు గుమాస్తా నోటీసులోని నంబరు చూపి అడిగాడు.

అవునంటే అబద్ధం. కాదంటే ఆనాడు పోలీసులకు అబద్ధం చెప్పినట్టు. రుక్కి రమాదేవి వైపు చూసింది.

"మా ఇంట్లనే ఉంటది సార్," అంది రమాదేవి.

ఇంకో వాయిదా ఇచ్చి పంపారు. బయటికి రాగానే రుక్కి బస్టాండు వైపు తిరిగింది. రమాదేవి చెయ్యి పట్టి ఆపింది.

"పొద్దటిసంది ఏం తినలే. ఇంటికి పోదాం పా."

ఏ ఇంటికో రుక్కికి కాసేపు అర్థం కాలేదు.