ముడి విప్పిన ఆవిడ

రాయ్‌పూర్ వెళ్ళే లోకల్ రైల్లో నా చెయ్యి, నాకు తెలియకుండానే, చున్నీ కిందికి దూరి నడినెత్తి మీద వెంట్రుకలు పీకుతోంది. అమ్మ ఆ చేతి మీద ఒక్కటేసింది.

"సింహాచలం ఎల్లి మళ్ళీ తలనీలాలిచ్చేద్దాం. అప్పుడేటి పీకుతావో చూస్తాను!"

ఎదురు సీట్లో కూర్చున్న ముక్కూమొహం తెలియని ఆవిడ మా తెలుగు విని ముందుకు వంగింది.

"గుండు చేయిస్తే జుట్టు పోద్ది గానీ, లోపలి బెంగ పోద్దేటి దీదీ? నాకూ చేయించారు. మొలిచిందంతా మళ్ళీ పీకేసుకున్నాను. ఇది మొండితనం కాదు, మనసుకొచ్చిన జబ్బు. డాక్టరమ్మకి చూపించుకున్నాకే నా చెయ్యి ఆగింది."

అంతమందిలోనూ ముడి విప్పేసింది. నెరిసిన జుట్టు నడుము దాకా జారింది.

"పట్టుకు చూడమ్మా," అంది నాతో.

పట్టుకున్నాను. ఆవిడ కుమ్హారి స్టేషన్లో దిగిపోయింది.

అమ్మ మళ్ళీ గుండు మాట ఎత్తలేదు. డాక్టరు దగ్గరికి తనే తీసుకెళ్ళింది. మధ్యలో చాలాసార్లు నా చెయ్యే గెలిచింది.

మొన్న అదే లోకల్లో కిటికీ పక్కన కూర్చున్నాం. నా తల మీద చున్నీ లేదు. గాలికి జుట్టంతా ఎగిరి అమ్మ మొహం మీద పడింది.

"అబ్బా, ముడేసుకోవే!" అని విసుక్కుంది.

వేసుకోలేదు.