ఎనిమిదో మెదడు

ఇన్నేళ్లూ ఈ మాటను గొంతు దాటనివ్వలేదు. దాని బరువు తగ్గుతుందేమోనని చూశాను, తగ్గలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

సికింద్రాబాద్‌లో మెదడు స్కానింగ్ మీద పరిశోధన మొదలుపెట్టింది నేనేనని పెళ్లిళ్లలో, రైళ్లలో చాలామందికి చెప్పాను. అంతా కోతలే. ఒక పరిశోధన కేంద్రంలో స్కానర్ నడిపేవాణ్ని, అంతే. మెదడులో ఎక్కడ రక్తం జోరుగా పారుతోందో అక్కడ ఎర్రరంగు వేసి బొమ్మలు తయారుచేసేవాణ్ని. వచ్చినవాళ్లందరికీ డైరెక్టరుగారు గోడ మీద ఆ బొమ్మలే చూపించేవారు. ఇది మాత్రం కోత కాదు.

ఐటీ ఊపందుకున్న రోజులు. చదువుకున్న పిల్లలంతా మాదాపూర్ వైపు పరుగెడుతుంటే, సరళ ఒక్కతే సీతాఫల్‌మండి నుంచి మా దగ్గరికి పరిశోధనకు వచ్చింది. నా ఎర్రమచ్చలు ఆమెకు అక్కర్లేదు. పనికిరావని మేము పారేసే చిన్న చిన్న హెచ్చుతగ్గులే కావాలంది. మెదడు ఎంత సంక్లిష్టంగా నడుస్తోందో అవే చెబుతాయట. మొదటి మీటింగులోనే బోయిన్‌పల్లి మార్కెట్‌తో పోల్చింది. అక్కడ ఎవరి బేరం వాళ్లదే, అందరి మీదా ఒక మేనేజరు లేడు, అయినా ఊరంతటికీ కూరగాయలు అందుతాయి, మెదడూ అంతేనంది. డైరెక్టరుగారు పొంగిపోయి నవ్వారు. పదకొండేళ్లలో నా మాటకు ఆయన అలా నవ్వలేదు. ఆ పోలిక నాకెందుకు తట్టలేదు? ప్రతి ఆదివారం ఆ మార్కెట్‌కు సంచి పట్టుకుని వెళ్లేది నేను కదా.

ఒకే మనిషిని వారం తేడాతో రెండుసార్లు స్కాన్ చేస్తే లెక్క ఇంచుమించు ఒకేలా రావాలి. అప్పుడే ఆమె పద్ధతి నిలబడుతుంది. ఎనిమిది మంది కావాలి, ఏడుగురు దొరికారు. ఎనిమిదో మనిషిగా స్కానర్‌లో నేను పడుకుంటానన్నాను. ఎంత సంతోషించిందో.

మొదటిసారి బుద్ధిగానే పడుకున్నాను. రెండోసారి కావాలనే ఊపిరి బిగబట్టాను. తల కదిపితే ఇట్టే దొరికిపోతాను. ఊపిరి బిగబడితే మెదడులో రక్తప్రవాహం మారుతుంది, దాంతో ఆమె లెక్కా మారుతుంది, బయటివాళ్లకు ఏమీ తెలియదు. ఊపిరిని కొలిచే ఏర్పాటు అప్పట్లో మా దగ్గర లేదు. బిగబట్టాను, వదిలాను, మళ్లీ బిగబట్టాను. ఆ స్కానర్ గొట్టంలో నాకు నవ్వు కూడా వచ్చింది.

ఏడుగురి లెక్క కుదిరింది. నాది కుదరలేదు. నన్ను పక్కన పెట్టేస్తుందిలే అనుకున్నాను. నిజంగా అనుకున్నానా? లేక ఇప్పుడు నన్ను నేను కాపాడుకుంటున్నానా?

మర్నాడు కాగితాలతో నా దగ్గరికి వచ్చింది.

“సార్, లోపట జెర కునుకు గిట్ల పట్టిందా?”

“లేదమ్మా. నువ్వెలా ఉండమన్నావో అలాగే ఉన్నాను.”

“మిమ్మల్ని తీసేయమంటున్నరు డైరెక్టర్ సార్. ఎట్ల తీస్త? మీ అంత పద్ధతిగ ఎవరు పండుకుంటరు? మీకే కుదరకుంటే తప్పు నా లెక్కలనే ఉన్నట్టు.”

నిజం చెప్పడానికి ఒక్క మాట చాలు ఆ క్షణంలో. “పోనీలే, మళ్లీ చూసుకో” అన్నాను, పెద్దమనిషిలా.

నాలుగు నెలలు చూసుకుంది. లేని తప్పు ఎక్కడ దొరుకుతుంది? చివరికి ఫైలు డైరెక్టరుగారి బల్ల మీద పెట్టి, మాదాపూర్‌లో ఏదో కంపెనీలో చేరిపోయింది. గోడ మీదికి మళ్లీ నా బొమ్మలే ఎక్కాయి. వాటిని చూస్తే సంతోషం కలగలేదని చెప్పాలని ఉంది. కలిగింది. కొన్ని వారాలు ఉంది కూడా.

తర్వాత ఎక్కడెక్కడో సరళ పద్ధతిలాంటి పరిశోధనే చేసి పేరు తెచ్చుకున్నవాళ్ల గురించి చదివాను. అప్పుడూ అసూయే పడ్డాను, ఈసారి ఆమె తరఫున. దాన్ని పశ్చాత్తాపం అనడానికి నాకు నోరు రాదు.

ఆమె నంబరు కనుక్కోవడం కష్టమేమీ కాదు. కనుక్కోలేదు. తనకు ఆ చదువు చేతకాలేదని ఇప్పటికీ నమ్ముతూ ఉంటుందేమో. సరళా, నీ లెక్కలో తప్పు లేదమ్మా. పడుకున్నవాడు దొంగ.

ముందు ఆమె వినాల్సిన మాట ఇది. మీకు చెప్పాను. ఎవరికో ఒకరికి, కోతలు లేకుండా, చెప్పాను.