ఎటోమెట్ గొట్టంలో మైనం

ఎటోమెట్ తన ప్యాంటు తానే ఉతుక్కున్న రోజున ఆ ఊరి ఆడవాళ్ళకు వారానికి సరిపడా కబురు దొరికింది. అరవై ఆరేళ్ళ మనిషి, కోడెలకు నాగలి మరపడంలో సెరెరె చుట్టుపక్కల పేరున్నవాడు, పట్టపగలు బోరింగు దగ్గర గొంతుక్కూర్చుని సబ్బు రుద్దుతున్నాడంటే ఇంట్లో ఏదో జరిగిందన్నమాటే. పెళ్ళాం వదిలేసిందా, లేక ఈయనే ఇంకో ఇల్లు పెట్టాడా అన్నది ఒక్కటే తేలాలి. ఆ మాట ఆయన పెళ్ళాం అసెకెన్యె చెవిన కూడా పడింది. ఆమెకు కోపం రాలేదు, భయం వేసింది. నలభై ఏళ్ళ కాపురంలో ఆయనగారు మంచినీళ్ళు కూడా తనంతట తాను ముంచుకుని తాగిన పాపాన పోలేదు.

ఇంటికొచ్చి తీగ మీద ఆరుతున్న ప్యాంటు చూసింది. అడిగింది.

"సోరోటి నుంచి వస్తుంటే వ్యాను ఆపమన్నాను," అన్నాడు, నేలచూపులు చూస్తూ. "డ్రైవరు ఇదిగో అదిగో అన్నాడు. నాకు ఆగలేదు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"రెండేళ్ళయింది."

రెండేళ్ళుగా ఆయన కర్రపెండలం చేను గట్టున అంతంతసేపు నిలబడుతుంటే మబ్బులు చూస్తున్నాడనుకుంది ఆమె. రాత్రి నాలుగైదుసార్లు తలుపు చప్పుడైతే ముసలితనంలో నిద్రపట్టడం లేదనుకుంది. పక్కలో పడుకునే మనిషి బాధ రెండేళ్ళు తెలియలేదంటే తాను ఎక్కడ కాపురం చేస్తున్నట్టు? ఆ రోజు ఆమె తన మీద తనకే అసహ్యమేసి అన్నం ముట్టలేదు.

పట్నం డాక్టరు చూశాడు. మూత్రసంచి కింద మగవాళ్ళకుండే గ్రంథి పెరిగి దారి నొక్కేస్తోందనీ, చెడ్డ గడ్డ మాత్రం కాదనీ చెప్పి మాత్రలు రాశాడు. తిండీ తిప్పలూ చెప్పే పని నర్సు అముగె మీద పడింది.

"సాయంత్రం పూట ఎంత తాగుతావు పెద్దాయనా?"

"కొంచెమేనమ్మా."

"కొంచెమంటే?"

ఎటోమెట్ తెల్లమొహం వేశాడు. అబద్ధమాడలేదు పాపం. రాగులు పులియబెట్టి చేసే అజోన్ కల్లు గ్లాసుల్లో తాగేది కాదు. నడుమ కుండ పెట్టుకుని, చుట్టూ ఏడెనిమిది మంది కూర్చుని, ఎవరి పొడుగు గొట్టంతో వాళ్ళు పీల్చుకోవడమే. తగ్గినప్పుడల్లా ఆడమనిషి వేడినీళ్ళు పోస్తుంది. కుండ ఎప్పుడూ నిండుగానే కనిపిస్తుంది, నిండుగా ఉన్న కుండ ముందు కూర్చున్నవాడికి తాను తాగింది రెండు గుక్కలే అనిపిస్తుంది. ఎవడు ఎంత తాగాడో చెప్పగలిగేది నీళ్ళు పోసిన మనిషి ఒక్కతే. ఆ మనిషి అసెకెన్యె. వారానికి రెండుసార్లు ఆమె వాకిట్లోనే కుండ దిగుతుంది, ఆమె చేతి అజోన్ కోసం పక్క ఊళ్ళ నుంచి కూడా వస్తారు. పొద్దువాలే లోపల తాను పోసే కెటిళ్ళు ఆమె వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది.

"రెండు మూడు సీసాలకు తక్కువుండదు," అంది చివరికి.

"సాయంత్రం అది మానేయాల్సిందే," అంది అముగె. "పగలు నీళ్ళు బాగా తాగు, చీకటి పడేవేళకి తగ్గించు. టీ కూడా తగ్గించు. ఆకుకూర తిను, మలబద్ధకం ఉంటే ఇది ఇంకా సతాయిస్తుంది. జలుబొచ్చిందని కొట్లో ఏ బిళ్ళ పడితే ఆ బిళ్ళ కొని మింగకు, మూత్రం అసలుకే బిగుసుకుపోతుంది."

ఇంటి వంట మారిపోయింది. సంకటి పక్కన వేపుడు మాంసం పోయి నువ్వుల ముద్ద కలిపిన అలసందాకు వచ్చింది. మధ్యాహ్నం దాటాక టీ కెటిల్ పొయ్యెక్కడం మానేసింది. ఆయన తిననివి ఆమె కూడా తినలేదు.

"మేకకేసినట్టు ఆకులేస్తున్నావే," అని ఆయన గొణిగేవాడు.

"మేక రాత్రి ఎన్నిసార్లు లేస్తోందో చూశావా?" అనేది ఆమె.

అన్నీ విన్నాడుగానీ కుండ దగ్గర మాత్రం మొండికేశాడు. "గాదె పక్కన నా పీట. పొలం తగువైనా పెళ్ళి మాటైనా అక్కడే తేలుతుంది. ఉత్తచేతులతో కూర్చుంటే ఇతగాడు రక్షణ పొందాడు, పాస్టరు మాటలో పడి తాగుడు మానేశాడంటారు. నిజం చెబితే మగతనం పోయిందంటారు. తిండి మానమను, మానేస్తా. గొట్టం మాననే మానను."

అసెకెన్యె బతిమాలింది, అలిగింది. మూడు ఆదివారాలు ఆయన పీల్చుతూనే ఉన్నాడు, రాత్రుళ్ళు నరకం చూస్తూనే ఉన్నాడు. నాలుగో ఆదివారం పొద్దున ఆమె ఆయన గొట్టం తీసి, అడుగున జల్లెడ కట్టిన కొసలోకి తేనెమైనం కరిగించి పోసింది.

ఆ సాయంత్రం ఎటోమెట్ పీల్చాడు. రాలేదు. బుగ్గలు లోపలికి పోయేలా మళ్ళీ పీల్చాడు. ఎదురుగా ఒజాకోల్ కూర్చుని ఉన్నాడు. నోరు ఊరుకోని మనిషి, ఎప్పుడూ పొదల వైపు చివరి పీటే కావాలంటాడు, గాలి బాగా వస్తుందని.

"ఏం బావా, బలం తగ్గిందా? ఇలా తే," అని గొట్టం లాక్కుని కొస విప్పాడు. పసుపుపచ్చటి మైనం కనిపించింది. పైకెత్తి అందరికీ చూపించాడు.

తర్వాత నవ్వులు మొదలయ్యాయి. "పెళ్ళాం గొట్టం మూసేసిందిరోయ్" అని ఒకడు, "పైదే మూసిందా, ఇంకోటి కూడానా" అని ఇంకొకడు.

అసెకెన్యె కెటిల్ పట్టుకుని అక్కడే నిలబడింది. ఎందుకు మూసిందో చెబితే ఆయన రెండేళ్ళు దాచుకున్నది నడివాకిట్లో పడుతుంది.

"నేనే మూశాను," అంది. "కోపమొచ్చి మూశాను. ఏం, మొగుడి మీద కోపం రాకూడదా?"

"నా ఇంట్లో అయితే ఈపాటికి పుట్టింటికి తరిమేసేవాణ్ణి," అన్నాడు మొదట నవ్వినవాడు. "అజోన్ కాచే చేత్తో మొగుడి గొట్టం మూస్తుందా? ఎంత గయ్యాళి!"

ఆమె తల దించుకుంది. ఎటోమెట్ ఆమెను చూశాడు. ఆ తల తన కోసమే దిగిందని ఆయనకు తెలుసు, ఆ సంగతి గుండెల్లో గుచ్చుకుంది.

"అది గయ్యాళి కాదు," అన్నాడు, పీట మీంచి లేస్తూ. "నాకు ఒంటికి సరిగా రావడం లేదు. లోపల గ్రంథి పెరిగింది. వ్యానులో ప్యాంటు తడుపుకున్నాను, అందుకే బోరింగు దగ్గర ఉతుక్కున్నాను. సాయంత్రం తాగొద్దని డాక్టరు చెబితే నేనే వినలేదు. ఇప్పుడు నవ్వుకోండి."

ఎవరూ నవ్వలేదు. కుండలో నురగ చిటపటలాడుతోంది. ఒజాకోల్ తన గొట్టాన్ని మెల్లగా కుండలోంచి బయటికి లాగాడు, కొస తుడిచాడు, ఒళ్ళో పెట్టుకున్నాడు.

"అక్కా," అన్నాడు, ఎన్నడూ లేనంత చిన్న గొంతుతో. "ఆ మైనం ఇంకా మిగిలుందా?"

అసెకెన్యె కెటిల్ కింద పెట్టింది. "మైనం ఎక్కడికీ పోదులే. రేపు పొద్దున మాతో నర్సు దగ్గరికి రా," అంది. "అందాకా ఆ పొదల పక్కనుంచి లేచి, ఇలా మీ బావ పక్కన కూర్చో."